అరుగు ముందు, గది తర్వాత

ప్రశ్న: మా ఇంటి వెనక 25 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న ఖాళీ జాగా ఉంది. ఉత్తరం కొసన పెద్ద చెట్టు, దాని నీడ దాదాపు సగం జాగా మీద పడుతుంది. తూర్పున మా ఇల్లు, దక్షిణాన ఆనుకునే పక్కింటివాళ్ల మేడ. పడమర వైపు అడ్డేమీ లేదు, సాయంత్రం ఆకాశమంతా కనిపిస్తుంది. అక్కడ నలుగురం కూర్చునేంత సౌనా, అంటే పొడి వేడిలో కూర్చుని చెమట పట్టించుకునే చెక్క గది, కట్టుకోవాలని ఎన్నాళ్లగానో అనుకుంటున్నాం. మావారికి పడమటి గోడ మొత్తం అద్దం కావాలి. ఇంటీరియర్ చేసే అబ్బాయేమో లోపల గోడలకి ప్లాస్టిక్ తీగలు, అడవి ఫోటో, రంగులు మారే లైట్లు, సెలయేటి చప్పుడు వినిపించే స్పీకరు పెడితే ప్రకృతిలో ఉన్నట్టే ఉంటుందంటున్నాడు. నాకెందుకో మనసొప్పడం లేదు. కట్టెల పొయ్యి మంచిదా, కరెంటుదా? మా అత్తగారికి 71 ఏళ్లు, బీపీకి మందులు వాడుతున్నారు. ఆవిడా సరదా పడుతున్నారు, రావచ్చా? అసలు ప్రకృతికి దగ్గరగా ఉండే సౌనా అంటే ఏం చెయ్యాలో చెప్పండి.

సమాధానం: మీ మనసు ఒప్పుకోకపోవడం సబబేనండీ. ముందు ఆ ప్లాస్టిక్ తీగల సంగతి తేల్చేద్దాం. సౌనాలో బల్లలు మెట్లలా ఒకదానికన్నా ఒకటి ఎత్తులో ఉంటాయి. పైబల్ల మీద కూర్చున్న మనిషి తల దగ్గర వేడి 80 నుంచి 90 డిగ్రీలు ఉంటుంది, కప్పు కింద ఇంకా ఎక్కువ. ఆ వేడికి మామూలు ప్లాస్టిక్ మెత్తబడుతుంది, వాసన వదులుతుంది, ఆ గాలినే మీరు గుండెల నిండా పీలుస్తారు. ఫోటో అంటించిన జిగురుదీ అదే కథ. మామూలు స్పీకర్లు, లైట్లు అంత వేడి కోసం తయారైనవి కావు, ఎన్నాళ్లో ఉండవు. కాబట్టి అందం గురించి వాదించుకోవాల్సిన పనే లేదు, అవి లోపలికి రాకూడదు.

అయితే అసలు విషయం అది కాదు. సౌనాని ప్రకృతితో కలిపేది లోపలి అలంకారం అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది.

సౌనా పుట్టిన ఫిన్లాండ్‌లో పాతకాలపు పొగ సౌనాలు ఎలా ఉండేవో ఒక్కసారి ఊహించుకోండి. దుంగలతో కట్టిన చిన్న గది. పొగగొట్టం కూడా ఉండదు. రాళ్ల కుప్ప కింద గంటల తరబడి మంట పెడతారు, పొగంతా గదిలోనే తిరుగుతుంది. రాళ్లు బాగా కాగాక మంట ఆర్పి, పొగ బయటికి పోనిచ్చి, అప్పుడు లోపలికి వెళ్తారు. గోడలు మసిబారి నల్లగా ఉంటాయి, కిటికీ ఉంటే గింటే చిన్నది. అలాంటి చీకటి గదిలో పూర్వం ఆడవాళ్లు పిల్లల్ని కన్నారు, పోయినవాళ్లకి చివరి స్నానం చేయించారు. సౌనాలో గుడిలో ఉన్నట్టు మసలుకోవాలని పిల్లలకి నేర్పే సామెత వాళ్లకుంది, వాళ్ల మాటల్లో అది చర్చి. సుమారు 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో ఇవాళ 30 లక్షల దాకా సౌనాలున్నాయంటారు. 2020లో యునెస్కో ఆ సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

అంత చీకటి గదిలో ప్రకృతి ఎక్కడుంది? నిప్పులో ఉంది, రాతిలో ఉంది, నీళ్లలో, చెక్కలో ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా తలుపు అవతల ఉంది. తలుపు తీస్తే చెరువు, లేకపోతే మంచు, లేకపోతే రాత్రి గాలి. పది నిమిషాలు వేడిలో కూర్చుని బయటికొచ్చిన ఒంటికి, మామూలప్పుడు పట్టించుకోని చిరుగాలి కూడా తెలుస్తుంది. కాలికింద గడ్డి తడి తెలుస్తుంది. ఎక్కడో ఆకు రాలిన చప్పుడు వినిపిస్తుంది. ఆ కాసేపు ఒళ్లంతా ఒక చెవి అయినట్టుంటుంది. సౌనా చేసే మేలు నా దృష్టిలో ఇదే. గది మిమ్మల్ని సిద్ధం చేస్తుంది, ప్రకృతిని కలుసుకునేది మాత్రం బయటే.

అందుకే నా దగ్గరకి సౌనా ప్లాను కోసం వచ్చినవాళ్లందరికీ ఒకటే చెబుతాను. ముందు బయటికొచ్చి కూర్చునే అరుగు ఎక్కడో తేల్చండి, గది దాని వెంట అదే వస్తుంది. మీరు కూడా మేస్త్రిని పిలిచే ముందు ఒక వారం పాటు ఓ కుర్చీ పట్టుకుని ఆ జాగాలోకి వెళ్లండి. మీరు సౌనా వాడదామనుకునే వేళకే వెళ్లండి, తెల్లవారుజామున అయితే తెల్లవారుజామున, రాత్రి అయితే రాత్రి. రోజూ కుర్చీ చోటు మార్చి ఒక అరగంట కూర్చోండి. గాలి ఏ వైపు నుంచి వస్తోంది, పక్క మేడ మీంచి ఎవరైనా కనిపిస్తున్నారా, వీధి దీపం కళ్లలో పడుతోందా, చెట్టు మీదికి పిట్టలు ఏ వేళకి చేరుతున్నాయి, ఇవన్నీ చూసుకోండి. లేవబుద్ధి కాని చోటు ఒకటి దొరుకుతుంది. అదే అరుగు.

మీరు రాసిన దిక్కుల్ని బట్టి నా ఊహ చెబుతాను. గది ఆగ్నేయం వైపు, చెట్టు నీడ అంచు దాటాక, ఇంటికి దగ్గరగా. దానికి పడమట అరుగు. తలుపు తీయగానే అరుగు మీదికి రావాలి. అరుగు మీద కూర్చుంటే ఎదురుగా మీ సాయంత్రపు ఆకాశం, కుడిచేతి వైపు చెట్టు. దాని పైకి చూరుని కనీసం మీటరున్నర ముందుకి లాగించండి. వానొస్తే లోపలికి పరిగెత్తాల్సిన అవసరం ఉండకూడదు. వేడిలోంచి వచ్చి, చూరు నుంచి కారే ధారల వెనక కూర్చుని వాన చూడటం కన్నా హాయి ఈ మొత్తం వ్యవహారంలో ఇంకోటి లేదు. చూరుకి గొట్టం వేయించి ఆ ధారల్ని దాచేయకండి, కింద గులకరాళ్ల కాలువ ఒకటి తీయించండి చాలు.

అరుగు నుంచి ఏడెనిమిది అడుగుల్లో బయటే షవరు, లేదా పెద్ద తొట్టి, ఓ చెంబు. అక్కడిదాకా ఉత్తకాళ్లతో నడిచే దారి. దానికి నున్నటి పాలిష్ బండలు వద్దు, తడికాళ్లకి జారతాయి. గరుకు రాళ్లు పరిచి మధ్య గడ్డి పెరగనివ్వండి. స్నానం నీళ్లలో సబ్బు కలవకపోతే వాలు చెట్టు వైపు ఇప్పించవచ్చు, దానికీ తడి అందుతుంది. మీ ప్రాంతం ఎండలు మండే చోటైతే ఈ చల్లబడే చోటికి నీడ, గాలి మరీ ముఖ్యం. మధ్యాహ్నపు వడగాలిలోకి బయటికొస్తే సౌనా చేసిన పనంతా వృథా. అలాంటిచోట తెల్లవారుజామో, బాగా పొద్దుపోయాకో వాడుకోవడం మేలు.

దక్షిణాన మేడ ఉందన్నారు కాబట్టి చాటు కావాలి. కానీ చుట్టూ ఎత్తు గోడ కట్టేస్తే గాలి ఆగిపోతుంది, బావిలో కూర్చున్నట్టుంటుంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో సముద్రపొడ్డున 2016లో తెరిచిన 'లోయ్లు' అనే బహిరంగ సౌనా దీనికి మంచి ఉదాహరణ. భవనం మొత్తానికి చెక్కపలకల తొడుగు వేసి, పలకల మధ్య సందులు వదిలారు. లోపలున్నవాళ్లకి సముద్రం కనిపిస్తుంది, బయటివాళ్లకి లోపలివాళ్లు కనిపించరు. మీకు అంత హంగు అక్కర్లేదు. అరుగుకి దక్షిణం పక్కన, పలకలు కాస్త ఏటవాలుగా నిలబెట్టిన ఆరడుగుల తడక ఒకటి చాలు. పైకి ఓ తీగ పాకించండి, ఈసారి నిజం తీగ.

చెట్టు గురించి ఒక మాట. ప్రకృతి కోసమని కట్టే కట్టడం ఆ చెట్టునే చంపేయడం కళ్లారా చూశాను. కాంక్రీటు పునాది కోసం కందకం తవ్వితే వేళ్లు తెగుతాయి. వెంటనే ఏమీ కనిపించదు, రెండు మూడేళ్లకి కొమ్మలు పైనుంచి ఎండుతూ వస్తాయి. నీడ పడినంత మేరా కిందా వేళ్లున్నాయనుకోండి, తరచూ అంతకన్నా దూరమే పాకుతాయి. కాబట్టి అటువైపు కందకాలు వద్దు. గదినీ అరుగునీ స్తంభాల మీద లేపి కట్టించండి. చెక్క కింద గాలి ఆడుతుంది, చెదపురుగు వస్తే కంటపడుతుంది.

ఇక అద్దం. ఇంట్లో దీని మీదే వాదన జరుగుతోందని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. మీవారి కోరిక నాకు అర్థమవుతుంది, కానీ గోడంతా అద్దం వద్దనే చెబుతాను. ఎందుకో వివరంగా చెబుతాను, ఆయనకి కూడా చదివి వినిపించండి.

నలుగురికి 2 మీటర్లు పొడవు, 2 మీటర్లు వెడల్పు, 2.3 మీటర్లు ఎత్తు గది సరిపోతుంది. అంటే 9.2 ఘనమీటర్లు. కరెంటు పొయ్యికి మోటు లెక్క, ఒక ఘనమీటరుకి సుమారు 1 కిలోవాట్. అద్దం వేడిని నిలపలేదు కాబట్టి, ప్రతి చదరపు మీటరు అద్దానికీ గది మరో 1.2 ఘనమీటర్లు పెద్దదైనట్టు లెక్కగట్టాలి. పడమటి గోడంతా అద్దమైతే 4.6 చదరపు మీటర్లు. గది ఒక్కసారిగా 14.7 ఘనమీటర్లంత అవుతుంది. తొమ్మిది, పది కిలోవాట్లతో పోయేదానికి పదిహేను దాకా కావాలి. అంత పొయ్యి పెట్టినా సుఖం తక్కువే. అద్దం దగ్గర గాలి చల్లబడి కిందికి జారి పాదాలకి తగులుతుంది, తల మాడుతూ ఉంటే కాళ్లు చల్లగా ఉంటాయి. పైగా మీది పడమర. వాలే పొద్దు సూటిగా కళ్లలో కొడుతుంది, అంత కిందికి దిగిన సూర్యుణ్ణి చూరు కూడా ఆపలేదు. సూర్యాస్తమయం అరుగు మీద కూర్చుని చూసుకోండి, లోపలి నుంచి మాత్రం చెట్టుని చూడండి.

ఒక్క చెట్టు చాలా అని మీవారు అడగవచ్చు. 1984లో రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల రికార్డులు పోల్చి చూశాడు. కొందరి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, కొందరికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందే ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందుల అవసరం కూడా వాళ్లకి తక్కువ పడింది. వాళ్లకి ఉన్నదీ మామూలు కిటికీయే, అద్దాల గోడ కాదు.

కాబట్టి ఉత్తరం గోడకి ఒక కిటికీ. దాని ఎత్తు దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. మొదట్లో నేనిక్కడే తప్పు చేశాను. ఒక కుటుంబానికి గట్టు మీద సౌనా గీశాను, ఎదురుగా అందమైన నీటిమడుగు. నేలమీద నిలబడి చూసుకుని, మడుగు చక్కగా కనిపించే ఎత్తులో కిటికీ పెట్టించాను. అంతా అయ్యాక పైబల్ల ఎక్కి కూర్చుంటే ఎదురుగా కనిపించింది వట్టి చెక్కగోడ. మడుగు చూడాలంటే మెడ వంచాలి. సౌనాలో కూర్చున్న మనిషి కళ్లు నిలబడ్డ మనిషి కళ్లకన్నా పైన ఉంటాయన్న సంగతి నాకప్పుడు తట్టలేదు. గోడ కోసి మళ్లీ పెట్టించాల్సి వచ్చింది, వాళ్లకైన ఇబ్బంది ఇప్పటికీ గుర్తొస్తుంది.

మీ లెక్క ఇలా వేసుకోండి. పైబల్ల ఎత్తు 1.1 మీటర్లు. దాని మీద కూర్చుంటే కళ్లు సుమారు 1.85 దగ్గర ఉంటాయి. కిందిబల్ల 65 సెంటీమీటర్లు, కళ్లు 1.4 దగ్గర. కాబట్టి కిటికీ 1.2 నుంచి 2.0 మీటర్ల మధ్య ఉంటే రెండు బల్లల వాళ్లకీ చెట్టు కనిపిస్తుంది. అడ్డంగా 1.2 మీటర్లు. మొత్తం కలిపి ఒక చదరపు మీటరు లోపే. అద్దం రెండు పొరలది, వేడికి తట్టుకునే టఫెండ్ గ్లాసు. కప్పుదాకా పోనివ్వకండి, అసలు వేడి అక్కడే ఉంటుంది. బల్లలు దక్షిణం గోడకి వేయిస్తే కిటికీకి ఎదురుగా కూర్చుంటారు. మెడ పక్కకి తిప్పి చూడాల్సి వస్తే ఎవరూ ఎక్కువసేపు చూడరు.

రాత్రిపూట ఇదే కిటికీ అద్దంలా మారి మీ ముఖాలే చూపిస్తుంది, లోపలి వెలుతురు బయటికన్నా ఎక్కువైనప్పుడల్లా. అందుకని లోపల ఒకే ఒక్క దీపం, బల్ల కింద, వేడి తక్కువుండే చోట, ముదురు పసుపు రంగులో. బయట చెట్టు మొదట్లో చిన్న దీపం ఒకటి, పైకి కాకుండా కాండం మీద పడేలా. పని అయిపోగానే ఆర్పేయండి, రాత్రి పురుగులకీ గూళ్లలో ఉన్న పిట్టలకీ వెలుతురు మంచిది కాదు. పగటిపూట ఆ అద్దంలో చెట్టు నీడ కనిపించి పిట్టలు వచ్చి గుద్దుకునే ప్రమాదం ఉంది. బయటి వైపు 5 సెంటీమీటర్లకో చుక్క చొప్పున అద్దమంతా అంటిస్తే అవి గుర్తుపడతాయి. లోపలి నుంచి చూసే కంటికి రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

కిటికీ కన్నా ముఖ్యమైనది, కంటికి కనిపించనిది గాలి. సౌనాలో తల తిరుగుతోందని, ఊపిరాడటం లేదని వినే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం వేడితో పాటు మురిగిన గాలి కూడా. నలుగురు మూసిన పెట్టెలో ఊపిరి తీస్తుంటే ఏమవుతుంది? కరెంటు పొయ్యి అయితే తాజాగాలి లోపలికొచ్చే కంత పొయ్యికి పైన గోడలో ఉండాలి. వచ్చిన గాలి వేడితో కలిసి గది అంతా తిరిగి కిందికి దిగుతుంది. బయటికి పోయే కంత ఎదుటి వైపు, బల్ల కింద. గదిలోని గాలి గంటకి ఆరుసార్లు మారేలా చూడమనేది మామూలు లెక్క, దానికి చిన్న ఫ్యాను అవసరం కావచ్చు. కప్పు దగ్గర మూత ఉన్న కంత ఇంకోటి పెట్టించండి. వాడేటప్పుడు మూసి, అయిపోయాక తెరిస్తే గది ఆరుతుంది. లోపలికి గాలి తెచ్చే కంతని ఇంటి గోడ వైపు కాకుండా చెట్టు వైపు పెట్టించండి. వాన పడ్డ మట్టి వాసన, పూతకొచ్చిన కాలంలో పూల వాసన దాని గుండానే వస్తాయి, పిట్టల కూతలూ వస్తాయి. స్పీకరు ఇవ్వలేనిది ఆ జానెడు కంత ఇస్తుంది.

చెక్క విషయానికొస్తే, బరువైన చెక్క గొప్పదనే అలవాటు మనసులోంచి తీసేయాలి. ఇల్లంతటికీ పనికొచ్చే టేకు లాంటి చిక్కటి చెక్క ఇక్కడ బల్లకి పనికిరాదు, వేడిని బాగా పట్టుకుని ఒంటికి చురుక్కుమనిపిస్తుంది. ఆస్పెన్, ఆల్డర్, అబాచీ లాంటి తేలిక చెక్కలు 80 డిగ్రీల గదిలో కూడా చర్మాన్ని కాల్చవు. పైన్ చెక్కలో జిగురు ఉంటుంది, వేడికి బొట్లుగా కారుతుంది, ముడులు మరీ వేడెక్కుతాయి. గోడలకి స్ప్రూస్ గానీ దేవదారు జాతి గానీ వాడుకోవచ్చు. ఏ చెక్కకీ వార్నిష్, పెయింటు వద్దు. చెక్క చెమ్మని పీల్చి వదలాలి, దాని వాసన అది ఇవ్వాలి. బల్లకి మరలు అడుగు నుంచి బిగించమని వడ్రంగికి గట్టిగా చెప్పండి, పైన ఒక్క మర తల బయటపడినా ఒళ్లు కాలుతుంది. చెక్క వెనక అల్యూమినియం రేకు కాగితం, అతుకులన్నీ టేపుతో మూసి, రేకుకీ చెక్కకీ మధ్య వేలు మందం ఖాళీ వదలాలి. ఇది మానేస్తే ఆవిరి గోడలోకి దూరి లోపలే కుళ్లు పుడుతుంది, బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

పొయ్యి మీద పేర్చే రాళ్ల దగ్గర చాలామంది పొరపాటున ఒక ముచ్చట పడతారు. మన వాగులో ఏరిన రాళ్లయితే ఇంకా ప్రకృతి కదా అని. వద్దండీ. నీళ్లలో నానిన రాళ్ల లోపల తేమ దాక్కుని ఉంటుంది, కాగినప్పుడు పగిలి ముక్కలు ఎగరవచ్చు. పెరిడోటైట్, ఆలివిన్ డయాబేస్ లాంటి చిక్కటి అగ్నిశిలలు సౌనా కోసమే అమ్ముతారు, అవే కొనండి. మధ్య గాలి ఆడేలా వదులుగా పేర్చాలి, ఏడాదికోసారి దించి చితికినవి తీసేసి మళ్లీ పేర్చాలి. ఆ పని మీ చేతులతో మీరే చేసుకోండి. ఏ రాయి ఎలా కాగుతుందో తెలిసొస్తుంది.

ఆ రాళ్ల మీద గరిటెడు నీళ్లు చల్లితే లేచే ఆవిరి పేరే లోయ్లు, ఆ హెల్సింకీ భవనం పేరు దాన్నుంచి వచ్చిందే. పూర్వం ఆ మాటకి ఊపిరి, ప్రాణం అనే అర్థాలుండేవి. సౌనాకీ మామూలు స్టీమ్ రూమ్‌కీ తేడా ఇక్కడే ఉంది. స్టీమ్ రూమ్‌లో ఆవిరి ఎప్పుడూ నిండి ఉంటుంది, సౌనాలో గాలి పొడిగా ఉండి, మీరు పిలిచినప్పుడు మాత్రం ఆవిరి వస్తుంది, ఒంటి మీదుగా పాకి పోతుంది. కొద్దికొద్దిగా చల్లండి, ఆ చప్పుడు వినండి. మంచినీళ్లే వాడండి, ఉప్పునీళ్లు పొయ్యిని తినేస్తాయి. సువాసన నూనెలు నేరుగా రాళ్ల మీద పొయ్యకండి, అంటుకుంటాయి. వాసన కావాలంటే ఫిన్లాండ్ వాళ్లు లేత బర్చ్ కొమ్మల్ని కట్టగా కట్టి నీళ్లలో ముంచి ఒంటికి మెల్లగా తట్టుకుంటారు. రష్యాలో ఓక్, యూకలిప్టస్ కొమ్మలు కూడా వాడతారు. పాలు కారే చెట్లవి, దురద పెట్టే ఆకులు మాత్రం ముట్టుకోవద్దు. మీ చెట్టు ఏ జాతో తెలిసినవాళ్లకి చూపించాకే దాని ఆకు లోపలికి తీసుకెళ్లండి.

కట్టెలా, కరెంటా? నా మనసు ఎప్పుడూ కట్టెల వైపే. మంట చిటపటలు, నిప్పు వెలుగు, పొయ్యి రాజేసుకునే ఆ గంట ఓపిక, ఇవన్నీ సౌనాలో భాగమే. కానీ మీ జాగాలో ఒక పక్క చెట్టు కొమ్మలు, ఇంకో పక్క ఆనుకుని మేడ. ఉత్తరం గాలి వీచినప్పుడల్లా పొగ పక్కింటివాళ్ల కిటికీల్లోకి పోతుంది, గాలి తిరిగితే రవ్వలు చెట్టు మీదికి. మనం ఊపిరి పీల్చుకోవడానికి పక్కవాళ్ల ఊపిరి పాడు చెయ్యకూడదు. మీకు కరెంటుదే సరి. రాళ్లు ఎక్కువ పట్టే పొయ్యి ఎంచుకోండి, లోయ్లు మెత్తగా వస్తుంది. దానికి విడిగా లైను, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్, తనంతట తనే ఆగిపోయే టైమరు తప్పనిసరి. చుట్టూ కంచె, తయారీదారు చెప్పినంత ఎడం. పొయ్యి మీద తువ్వాళ్లు ఆరేసే అలవాటు ఎవరికీ రానివ్వకండి, సౌనా మంటలకి తరచూ అదే కారణం. తలుపు బయటికి తెరుచుకోవాలి, గొళ్లెం, తాళం ఏవీ ఉండకూడదు. లోపలున్న మనిషికి కళ్లు తిరిగినా భుజంతో తోస్తే తెరుచుకోవాలి.

చివరగా మీ అత్తగారు. తూర్పు ఫిన్లాండ్‌లో 2,315 మంది నడివయసు మగవాళ్లని ఇరవై ఏళ్లపాటు గమనించి 2015లో ఒక అధ్యయనం వెలువరించారు. వారానికి ఒక్కసారి సౌనా చేసేవాళ్లకన్నా నాలుగు నుంచి ఏడుసార్లు చేసేవాళ్లలో గుండె ఆగి హఠాత్తుగా పోవడం బాగా తక్కువగా కనిపించింది. దీన్ని చూపించి సౌనా గుండెకి మందు అనేవాళ్లున్నారు. అది గమనించి చెప్పిన సంగతే కానీ సౌనా వల్లే అలా జరిగిందని రుజువు కాదు. వాళ్లు చిన్నప్పటి నుంచీ అలవాటున్న మనుషులు. మీ అత్తగారికి ఇది కొత్త, పైగా బీపీ మందులు. వేడికి రక్తనాళాలు విచ్చుకుని బీపీ ఎలాగూ తగ్గుతుంది, మందు ప్రభావం తోడైతే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. కాబట్టి ముందు ఆవిడ డాక్టరుగారిని అడగండి. ఏ మందులు వాడుతున్నారో చీటీ తీసుకెళ్లి, సౌనా అంటే ఎంత వేడో కూడా చెప్పి అడగండి. ఈ మధ్య గుండెపోటు వచ్చినా, ఛాతీనొప్పి అదుపులో లేకపోయినా, గుండె కవాటం బాగా సన్నబడి ఉన్నా సౌనా పూర్తిగా మానుకోవాలి.

డాక్టరు సరేనంటే, గది 60, 65 డిగ్రీలే ఉన్నప్పుడు కిందిబల్ల మీద అయిదు నిమిషాలతో మొదలుపెట్టించండి. ఒంటరిగా వదలకండి. లేచేముందు నిమిషంపాటు కాళ్లు కిందికి పెట్టి కూర్చోమనండి. పట్టుకోవడానికి చెక్క కడ్డీ ఒకటి తలుపు పక్కనే వేయించండి, మీ అందరికీ పనికొస్తుంది. చన్నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించుకోవడం ఆవిడకి వద్దు, గోరువెచ్చటి నీళ్లు, తర్వాత అరుగు. నీళ్లు బాగా తాగించండి. ఇంట్లో ఎవరైనా మద్యం తాగితే ఆ రోజు వాళ్లని సౌనాలోకి రానివ్వకండి, ఇందులో మొహమాటం పనికిరాదు. డాక్టరు వద్దంటే మాత్రం ఆవిణ్ణి ఇంట్లో కూర్చోబెట్టకండి. అరుగుకి వీపు ఆనించుకునే బల్ల ఒకటి, ఓ దుప్పటి ఏర్పాటు చేయండి. మీరు లోపలి నుంచి వచ్చేవరకూ ఆవిడ ఆ చెట్టునీ ఆకాశాన్నీ చూస్తూ ఉంటారు, వచ్చాక అందరూ కలిసి కూర్చుంటారు.

ఆ కుర్చీ వారం అయ్యాక, మీరు ఎంచుకున్న చోటు నుంచి చెట్టుకీ, మేడకీ, ఇంటికీ ఎన్నెన్ని అడుగులో కొలిచి రాయండి. గాలి దిక్కు కూడా. కిటికీ ఉత్తరానే ఉంచాలా, కాస్త జరపాలా అన్నది అప్పుడు కచ్చితంగా చెప్పగలను.